చెరువుగట్టున పంతులమ్మలు

పిల్లలకు చదువు చెప్పుటకంటె, చదువు చెప్పబోవువారికి చెప్పుట కష్టము. తెలియనిదానిని తెలియదనుటకు పిల్లలు జంకరు, పెద్దలు జంకుదురు. ఉపాధ్యాయవృత్తికై శిక్షణ పొందవచ్చిన స్త్రీలతో కొన్నియేండ్లు మెలగిన మాకు ఈ సంగతి పలుమారు అనుభవమునకు వచ్చినది.

'ఆవరణవ్యవస్థ' యను పాఠమునే చూడుడు. ఒకచోటనుండు చెట్టుచేమలు, పశుపక్ష్యాదులు, కంటికి కానరాని సూక్ష్మజీవులు, నీరు, మన్ను, గాలి, యెండ యన్నియు నొకదానిపై నొకటి యాధారపడి యొక సంసారమువలె నడచుటకు ఆ పేరు. ఈ భావమునకు ఆంగ్లమున పేరుపెట్టి 1935వ సంవత్సరమున లోకమునకు తెలిపినవాడు ఆర్థర్ టాన్స్‌లీ యను వృక్షశాస్త్రజ్ఞుడు. మా శిక్షణార్థినులు నిర్వచనమును తడుముకొనక యొప్పజెప్పెడివారు. "మన చెరువులో నెవరు నెవరిని తిని బ్రదుకుచున్నారు?" అని యడిగినచో మాత్రము ఒకరి ముఖ మొకరు చూచుకొనెడివారు.

అందుచే ఆ పాఠమును చెరువుగట్టునకు మార్చితిమి. గట్టుమీద నలుప్రక్కల మీటరు చొప్పున త్రాటితో చదరము కట్టి, అందలి మొక్కలను పురుగులను లెక్కింపు మంటిమి. నీటి యొడ్డున వెదకి చూచిన వానిని కూడ వ్రాసికొనిరి. నాచునకు లెక్కలేదు, పురుగులు వందలు, చేపపిల్లలు పదులు, కొంగలు మూడే! ఇట్లేల యని వారిలో వారికే వాదము పుట్టినది. ప్రాణి తాను తిన్నదానిలో అధికభాగమును తన బ్రదుకునకే వెచ్చించును. దానిని తినుదాని కందు శక్తి సుమారు పదవవంతు మాత్రమే. 1942లో అమెరికాదేశీయుడగు రేమండ్ లిండెమన్ ఒక చిన్న సరస్సును పరిశీలించి యీ శక్తిమెట్లను లెక్కకట్టెను. వాదించి యలసిన తరువాత ఆ సంగతి చెప్పగా, దాని నెవరును బట్టీపట్టవలసిన పని లేకపోయెను.

వారిలో చేపలుపట్టు కుటుంబమునుండి వచ్చిన యొకామె తరగతిలో పెదవి విప్పెడిది కాదు. పుస్తకభాష యామె నోటికి సంకెల. చెరువుకడ మాత్రము నాచుల పేరులు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలము, నీటివాసన మారు దినములు అందరికి నామెయే చెప్పెను. ఆమెయే యడిగెను: "మా యూర చేపలకు మంచిదని చెరువులో పేడ వేయుదురు. ఒక్కొకప్పుడు తెల్లవారునప్పటికి చేపలు తేలి చచ్చును. పేడ మేలా, కీడా?"

మేము జవాబు చెప్పలేదు. మూడు గాజుజాడీలలో చెరువునీరు పోయించి, కొంచెము నాచును రెండేసి నత్తలను వేయించితిమి. మొదటిదానిలో పేడ లేదు; రెండవదానిలో చిటికెడు; మూడవదానిలో పిడికెడు. మూడవనాటి యుదయమునకు పిడికెడు పేడ వేసిన జాడీ నీరు నల్లబడి కంపుకొట్టెను; నత్తలు నీటినివిడిచి జాడీ మెడకు ప్రాకెను. చిటికెడు వేసినది పదిదినములకు లేతపచ్చనయ్యెను. పేడను క్రుళ్లించు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడుకొనును. పేడ మితిమీరినచో నత్తలకు చేపలకు నది చాలదు. రాత్రులందు నాచు ప్రాణవాయువు నీయదు గనుక తెల్లవారుజామునే చావులు. కొద్దిపాటి పేడ మాత్రము సన్నని పచ్చనాచును పెంచి, చేపలకు పరోక్షముగా నాహారమగును. ఈ మాట లన్నియు జాడీలను చూచి వారే కూడబలుకుకొనిరి. మేము సాయపడినది పేరులు చెప్పుటవరకే.

"పరీక్షలో నిది యడుగరు గదా?" అని కొందరు బెంగపడిరి. ఆ బెంగ న్యాయమైనదే. మధ్యప్రదేశమున, నేడు నర్మదాపురమనబడు హోషంగాబాదు జిల్లాలో, 1972లో పదునారు పాఠశాలలతో నొక విజ్ఞానబోధన కార్యక్రమ మారంభమయ్యెను. అందు ఉపాధ్యాయులు మొదట తామే పిల్లలవలె ప్రయోగములుచేసి, తప్పులుపడి, ప్రశ్నించి నేర్చుకొనిరి. పరీక్షలో పిల్లలు పుస్తకము తెఱచి చూచుకొనవచ్చును. చేతితో ప్రయోగమును చేసి చూపవలెను. 2002లో ప్రభుత్వము దానిని నిలిపివేసినను, ముప్పదియేండ్లు నడచినదానిని అసాధ్యమని యెట్లందుము? బోధ మారవలెనన్న పరీక్షయు మారవలెను.

తరువాత ఆ చేపలవారి బిడ్డ యభ్యాసబోధనకు వెళ్లగా, తరగతిలో నొక చిన్నది "కప్పలు లేకపోయిన నేమగును?" అని యడిగెను. "పుస్తకములో లేదు, కూర్చుండు" అని యామె యనలేదు. కప్ప యేమి తినును, కప్పను నేది తినును అని పిల్లలచేతనే వ్రాయించెను. పొలములందు పురుగులను తిను కప్పల కాళ్లను పరదేశములకు పంపుటను మన ప్రభుత్వము 1987లో నిషేధించిన సంగతిని పిమ్మట చెప్పెను. చిన్నపిల్ల ప్రశ్నను బ్రదుకనిచ్చుటయే యుపాధ్యాయిని పని. తాను బురదలో చేయిపెట్టి యడిగి తెలిసికొన్న యామెకే ఆ యోర్పు వచ్చును.

సోదరీమణులారా, ఈ పని బడికే విడువనక్కరలేదు. గుప్పెడేసి వేపాకులను రెండు సంచులలో కట్టుడు. ఒకటి పెద్దకన్నుల వలసంచి, రెండవది దట్టపు గుడ్డసంచి. పెరటి తడిమన్నులో రెంటిని పాతి, నెలకు త్రవ్వి చూడుడు. ఏ సంచిలో నాకు ఎక్కువ మిగిలినదో, ఎందుచేతనో మీ బిడ్డనే చెప్పనిండు. వానపాము దూరగలిగిన సంచియేదో మీరు మాత్రము ముందుగా చెప్పకుడు.