అడిక్‌మెట్ తోటలో ఒక పగలు



మా సంఘంలోని ఒక రైతు సహోదరుని కుమార్తెకు హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. సీటు వచ్చింది. "అయ్యగారూ, మీరు గూడ తోడు రండి. పట్నం దారులు నాకు తెల్వయి" అన్నాడు తండ్రి. డిగ్రీతో చదువు చాలించి పెళ్లి చూడమని రెండేళ్ల క్రితం ఆయనకు సలహా చెప్పినవాడిని నేనే. ఆ మాట మనసులో గుచ్చుకొంటుండగా బయలుదేరాను.

జనగామ నుండి ఉప్పల్ వరకు బస్సులో వచ్చి, మెట్రో ఎక్కి తార్నాకలో దిగాము. నిజాముల కాలంలో ఇక్కడ పెద్ద పండ్లతోట, దాని చుట్టూ తీగ కంచె, కాపలా నాకా ఉండేవట. తార్, నాకా కలిసి తార్నాక అయిందని చెబుతారు. ఇప్పుడు తోట లేదు, పేరు మిగిలింది.

అక్కడి సంఘంలో పెద్దగా ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మమ్మల్ని ఉస్మానియా ప్రాంగణం చూపడానికి తీసుకొనిపోయారు. 1918లో ఉర్దూ బోధనా భాషగా ఈ విశ్వవిద్యాలయం మొదలైంది. దానికి స్థలం వెదకినప్పుడు అడిక్‌మెట్‌ను ఎంచినవాడు స్కాట్లండు దేశస్థుడైన పాట్రిక్ గెడ్డెస్. గులాబి రంగు రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల 1939లో ప్రారంభమైంది. దాని ముందు నిలబడి మా సహోదరుడు తలపాగా సవరించుకొన్నాడు.

"ఈ నేల అంతకుముందు ఎవరిదో తెలుసా?" అని అడిగారు మాస్టారు. "మహ్‌లఖా బాయి చందా అనే స్త్రీకి దక్కిన జాగీరు."

ఆమె 1768లో పుట్టింది. నాట్యగత్తె, ఉర్దూ కవయిత్రి. గుర్రపు స్వారీ, విలువిద్య నేర్చినది. రెండవ నిజాం ఆస్థానంలో ఉమ్రా హోదా పొంది, రాజ్యవిషయాల్లో సలహా చెప్పే స్థాయికి ఎదిగింది. 1798లో ఆమె గజళ్లు దివాన్‌గా సంకలనమయ్యాయి. 1824లో మరణించింది.

"నాట్యగత్తె" అన్న మాట విని సహోదరుని ముఖం మారింది. "అయ్యగారూ, అసుంటి ఆమె జాగలోనా నా బిడ్డ సదివేది?" అని మెల్లగా అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

మాస్టారు మమ్మల్ని ఆమె పేరిట చెప్పుకొనే మెట్లబావి దగ్గరకు నడిపించారు. రాతి మెట్లు ఒకదాని కింద ఒకటి లోపలికి దిగుతున్నాయి. "ఆమె దిక్కులేని ఆడపిల్లలను చేరదీసి చదువు, కళలు నేర్పించింది. తన ఆస్తిని ఇల్లు లేని స్త్రీలకు చెందేలా రాసిపోయింది" అన్నారాయన.

సహోదరుడు చాలాసేపు బావిలోకి చూశాడు. బావులు తవ్వించి అప్పులపాలైన రైతు ఆయన. చివరికి, "నీళ్లు పెట్టిన చెయ్యి అయ్యగారూ. మనమెవ్వరం మాటలనేటందుకు?" అన్నాడు. సమరయలో బావి దగ్గర ప్రభువు ఎవరితో మాట్లాడాడో నాకు జ్ఞాపకం వచ్చింది. ఆ భాగం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను గాని, ఆ రోజు బోధ నాకే దొరికింది.

సాయంత్రం మౌలాలి గుట్ట కిందికి వెళ్లాము. తల్లి రాజ్ కువర్ కోసం మహ్‌లఖా కట్టించిన సమాధి అక్కడ ఉంది. ఆమెను కూడా తల్లి పక్కనే ఉంచారు. చుట్టూ గోడ, లోపల నాలుగు భాగాలుగా తీర్చిన తోట. శిథిలమైపోతున్న ఈ స్థలాన్ని 2010, 2011 సంవత్సరాల్లో అమెరికా ప్రభుత్వ సహాయంతో బాగుచేశారు.

మరునాడు హాస్టలు గేటు దగ్గర బిడ్డ కన్నీళ్లు పెట్టుకొంటే, "ఏడువకు తల్లీ, నీళ్లున్న జాగనే ఇది" అన్నాడు తండ్రి. తిరుగు బస్సులో నేను ఆయన చేయి పట్టుకొని, "అన్నా, రెండేళ్ల క్రితం నేను చెప్పింది తప్పు. క్షమించు" అన్నాను. ఆయన నవ్వి, తెచ్చుకొన్న సద్దిమూట విప్పి సగం నాకు పెట్టాడు.

మీ ఇండ్లలో చదువుకొనే ఆడపిల్లలుంటే, పట్నం వచ్చినప్పుడు ఆ బావిని, ఆ తోటను వారికి చూపండి. వారిని ఆపేముందు నావలె తొందరపడకండి.