రబ్బరు స్టాంపు ఎవరి సొరుగులో ఉండాలి?

సొంతంగా ఒక సర్టిఫికెట్ అథారిటీ పెట్టుకోవాలంటే ఒకప్పుడు ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో కుస్తీ పట్టాల్సి వచ్చేది. ఆ కమాండ్లు ఎవరికీ నోటికి రావు, పాత నోట్సులోంచి ఎత్తిరాసుకోవడమే. ఇప్పుడు పీకేఐ.జేఎస్, ఫోర్జ్ లాంటి జావాస్క్రిప్టు లైబ్రరీలతో ఆ పనంతా బ్రౌజర్లోనే అయిపోతోంది. ఒక బటన్ నొక్కితే రూట్ సర్టిఫికెట్, ఇంకోటి నొక్కితే దాని కింద సర్వరుకో సర్టిఫికెట్. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. నా పేచీ అల్లా ఒక్కటే. ఆ రూట్ తాలూకు ప్రైవేట్ కీ ఎక్కడుంటుంది?

ఈ గొడవ కొత్తవాళ్ళకి రెండు ముక్కలు. మార్కుల లిస్టు జిరాక్సు మీద గెజిటెడ్ ఆఫీసరు చేత పచ్చ ఇంకు సంతకం పెట్టించుకున్న రోజులు గుర్తున్నాయి కదా? ఎదుటివాడు ఆ జిరాక్సుని నమ్మేది మన మొహం చూసి కాదు, ఆ స్టాంపు చూసి. వెబ్‌సైట్ల సంగతీ అంతే. ఏ ఆఫీసర్ల స్టాంపుని నమ్మాలో బ్రౌజరు దగ్గర ఓ జాబితా ఉంటుంది. ఆఫీసు లోపల వాడుకునే టెస్ట్ సర్వర్లకీ ప్రింటర్లకీ బయటి ఆఫీసరు దాకా ఎందుకని కంపెనీలు సొంత స్టాంపు ఒకటి చేయించుకుంటాయి. "దీన్ని కూడా నమ్ము" అని తమ కంప్యూటర్లన్నిటికీ చెప్తాయి. ప్రైవేట్ సీఏ అంటే ఇదే. అందులో తప్పేం లేదు. ఎర్ర హెచ్చరిక వచ్చినప్పుడల్లా "పర్లేదు, పద" అని నొక్కే అలవాటు జనానికి చేయడం కంటే వెయ్యిరెట్లు నయం.

ఒక చిన్న కంపెనీలో పనిచేసే మిత్రుడు ఈమధ్య సరిగ్గా ఇలాంటి పేజీ ఒకటి కట్టి నాకు చూపించాడు. కోడు శుభ్రంగా ఉంది. "కీ అసలు సర్వరుకే వెళ్ళదు గురూ, బ్రౌజరు దాటదు. ఇంతకన్నా సేఫ్ ఏముంది?" అన్నాడు.

అందులో సగం నిజం ఉంది. కీ పుట్టిన చోటే ఉండాలన్నది మంచి సూత్రమే. నెట్‌స్కేప్ కాలం నాటి కీజెన్ ట్యాగు చేసింది అదే. 2017లో క్రోమూ, 2019లో ఫైర్‌ఫాక్సూ దాన్ని పీకేశాయి. 2017లోనే ప్రమాణంగా ఖరారైన వెబ్ క్రిప్టోలో అంతకంటే మంచి ఏర్పాటుంది. కీని తయారు చేసేటప్పుడే "బయటికి తీయడానికి వీల్లేదు" అని చెప్పొచ్చు. ఆ తర్వాత మన స్క్రిప్టు కూడా దాన్ని చదవలేదు, దానితో సంతకం పెట్టించగలదంతే.

మిగతా సగం దగ్గరే చిక్కు. బయటికి తీయలేని కీకి బ్యాకప్ ఉండదు. అది ఉండేది బ్రౌజరు తాలూకు ఇండెక్స్‌డ్‌డీబీలో. ఎవరో కుర్రాడు "హిస్టరీ క్లియర్ చేద్దాం" అంటూ సైట్ డేటా కూడా ఊడ్చేశాడనుకోండి, పదేళ్ళకని చేసిన రూట్ ఆ సాయంత్రమే హుళక్కి. సఫారీ అయితే 2020 నుంచి, సైటుని ముట్టుకోకుండా 7 రోజులు బ్రౌజరు వాడితే ఆ సరుకంతా తనే తుడిచేస్తోంది. పోనీ బయటికి తీయగలిగేలా చేద్దామా అంటే, మనం తీయగలిగింది దొంగ కూడా తీయగలడు.

ఇంకోటి. ఆ పేజీ ప్రతిసారీ సర్వరు నుంచే వస్తుంది. ఆ సర్వరు చేజిక్కినవాడు స్క్రిప్టులో రెండు లైన్లు కలిపితే చాలు. స్టాంపుని ఎత్తుకుపోలేకపోవచ్చు, కానీ సొరుగు తెరిచున్నంతసేపూ తనకి కావలసిన కాయితాలన్నిటి మీదా గుద్దుకోవచ్చు. తాళం వేసితివి గానీ గొళ్ళెం మరచితివి అన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

"మా ఆఫీసు సర్వర్లే కదా, పోతే ఏం పోతుంది?" అనొచ్చు. పోయేది ఆఫీసు ఒక్కటే కాదు. మామూలు రూట్‌కి హద్దుల్లేవు. దాన్ని నమ్మిన కంప్యూటర్లో అది బ్యాంకు పేరు మీదా, జీమెయిల్ పేరు మీదా కూడా స్టాంపు వేయగలదు. మిత్రుడు ఆ రూట్‌ని ఉద్యోగుల సొంత ఫోన్లలో కూడా వేయించబోతున్నాడు. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు ఇలా చేర్చిన రూట్‌లని మామూలుగా నమ్మవు కాబట్టి బ్యాంకు యాప్ బతికిపోవచ్చు. క్రోములో తెరిచిన బ్యాంకు మాత్రం బతకదు. పైగా బయటి అథారిటీ తప్పు చేస్తే పబ్లిక్ లాగుల్లో ఎవరో ఒకరు పట్టుకుంటారు. ప్రైవేట్ రూట్‌కి ఆ లాగుల నిబంధన వర్తించదు, అడిగే నాథుడే లేడు.

ఇవన్నీ ఊహలు కావు. లెనోవో ల్యాప్‌టాపుల్లో ముందే వేసి ఇచ్చిన, 2015లో రచ్చకెక్కిన సూపర్‌ఫిష్ గుర్తుందా? అన్నిట్లోనూ ఒకటే రూట్, ఒకటే ప్రైవేట్ కీ. దాని పాస్‌వర్డుని ఓ పరిశోధకుడు కొన్ని గంటల్లో బయటికి లాగేశాడు. అంతకుముందు 2014 జూలైలో మన ఎన్ఐసీ అథారిటీ నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడింది. పైనున్న సీసీఏ ఆ ఎన్ఐసీ సర్టిఫికెట్లని రద్దు చేసింది. క్రోమ్ అయితే ఏకంగా సీసీఏ రూట్‌నే ఏడు డొమైన్లకి కట్టడి చేసేసింది.

ఆ కట్టడి మనమే ముందుగా పెట్టుకోవచ్చు. సర్టిఫికెట్లలో నేమ్ కన్‌స్ట్రెయింట్స్ అని ఒక అంశం ఉంది. "ఈ స్టాంపు మా ఆఫీసు డొమైనుకే చెల్లుతుంది" అని అందులోనే రాసేయొచ్చు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు రూట్ మీద రాసిన షరతుని పట్టించుకోవు కాబట్టి, దాని కింద ఉండే ఇంటర్మీడియెట్ మీద కూడా రాయాలి, వాడే పరికరాల మీద పరీక్షించుకోవాలి. రూట్ కీని నెట్‌కి తగిలించని మెషీన్లోనో హార్డ్‌వేర్ టోకెన్లోనో పెట్టి, రోజువారీ పనికి ఇంటర్మీడియెట్‌ని వాడాలి. బ్రౌజరు పేజీని పారేయక్కర్లేదు. ఎవరి కీ వాళ్ళ బ్రౌజర్లో తయారు చేసుకుని అర్జీ పెట్టుకోవడానికీ, వచ్చిన సర్టిఫికెట్లో ఏముందో చూసుకోవడానికీ దాన్ని మించింది లేదు. అది అర్జీలు తీసుకునే కిటికీ, అంతే. స్టాంపు కిటికీ దగ్గర పెట్టరు.

మిత్రుడు ఇంటర్మీడియెట్ వరకూ ఒప్పుకున్నాడు. ఫోన్ల విషయంలో మాత్రం ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. నా మాట ఇంతే. "ఈ రూట్ వేసుకోండి" అని ఒక ఉద్యోగిని అడగడమంటే, ఆమె బ్యాంకు లాగిన్‌కి కూడా నేనే పూచీ అనడం. ఆ మాట ఆమెకి విడమరిచి చెప్పే ధైర్యం లేకపోతే ఆ ఫోన్ జోలికి వెళ్ళకూడదు.