మా అబ్బాయి వ్రాసిన చీటీ



ఆటలు ఆడుకునే నిమిత్తం రెండు లక్షల రూపాయల కంప్యూటరు కొంటానని పెళ్ళీడుకొచ్చిన కొడుకు చెబితే తల్లిదండ్రులకు ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. మా యింట ఈ మాట 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మేము తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెలో సేవ చేస్తున్నాము. మా పెద్దవాడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, భీమవరం వైపు ఒక రొయ్యల మేత కర్మాగారంలో ఉద్యోగం చేస్తున్నాడు. అప్పటికి వానికి 24 ఏళ్ళు.

ఆ మాట వినగానే మాకు కోపం వచ్చింది. యింటి వెనుక వసారా రేకులు కారుతున్నాయి. చెల్లెలి చదువు ఇంకా పూర్తి కాలేదు. ఇన్ని అవసరాల మధ్య ఆటల పెట్టె ఏమిటని గద్దించాము. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ ఆదివారం ప్రసంగంలో, తెరల ముందు కూర్చుని కష్టార్జితాన్ని బూడిద చేసుకునే యౌవనస్థులను గూర్చి గట్టిగా మాట్లాడాము. పేరు చెప్పలేదు. కానీ మందిరంలో అందరి తలలూ మైకు సెట్టు దగ్గర కూర్చున్న మా అబ్బాయి వైపు తిరిగాయి. వాడు తల వంచుకుని శబ్దం సరిచేస్తూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం మా శ్రీమతి ఒకే మాట అన్నది. "పేరు చెప్పకపోతే ఏమండీ, వేలు చూపించినట్టే ఉంది."

తరువాత నాలుగు నెలలు వాడు మాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆదివారం వచ్చి మైకు పని చూసి, అన్నం తిని వెళ్ళిపోయేవాడు. మేమూ బెట్టుగానే ఉన్నాము. తండ్రి దిగివస్తే లోకువ అవుతాడని అనుకున్నాము.

జూన్ నెలలో ఒక రాత్రి మా శ్రీమతి రూళ్ళ కాగితం ఒకటి మా ముందు పెట్టింది. అది వాని చేతివ్రాత. ఒక ప్రక్క మూడేళ్ళ లెక్క ఉన్నది. నెలకు 6,000 చొప్పున 36 నెలలు, మొత్తం 2,16,000 రూపాయలు. ఆ మూడేళ్ళలో యింటికి ఇచ్చే డబ్బు ఒక్క నెలా ఆపలేదని మాకు తెలుసు. రెండవ ప్రక్క తొమ్మిది వస్తువుల పేర్లు, ధరలు ఉన్నవి. గోపురం కట్టబోయేవాని ఉపమానం మీద మేము ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. కాగితం తీసుకుని కూర్చుని లెక్క వేసినవాడు మాత్రం మా యింట వాడొక్కడే. ఆ కాగితం చూసి మాకు సిగ్గు వేసింది.

మరునాడు వాణ్ణి పిలిచి, "ఇందులో ఏది ఏమిటో మాకు చెప్పు నాయనా" అన్నాము. వాడు కాసేపు నమ్మలేనట్టు చూసి, తరువాత ఒక్కొక్కటే చెప్పాడు. ఇలాంటి కంప్యూటరు దుకాణంలో సిద్ధంగా ఉన్న పెట్టెను తెచ్చుకోవడం కాదట. యిల్లు కట్టేవాడు ఇటుక, సిమెంటు, కలప వేరువేరుగా చూసి కొన్నట్టే, ఒక్కొక్క భాగమూ ఎంచుకుని కూర్చుకోవాలట. ఒకటి మరొకదానికి కుదరకపోతే పెట్టిన డబ్బు వృథాయే.

మొదటిది ప్రాసెసరు. వాడు ఎంచుకున్నది ఏఎండీ వారి రైజెన్ 7 7800ఎక్స్3డి. 2023 ఏప్రిల్‌లో వచ్చింది. దీనిలో ఎనిమిది కోర్లు. 16 కోర్లున్న ఖరీదైనవి ఉండగా ఇదెందుకని అడిగాము. ఆటలకు కోర్ల సంఖ్య కన్న, దగ్గరలో ఉండే జ్ఞాపకశక్తి ముఖ్యమని, దీనిలో ఆ క్యాషె 96 ఎంబీ ఉన్నదని చెప్పాడు. మా శ్రీమతి వెంటనే గ్రహించింది. "పోపుల డబ్బా పొయ్యి ప్రక్కనే ఉన్నట్టు. ప్రతిసారీ కొట్టు గదికి పరుగెత్తనక్కరలేదు" అన్నది. "అంతేనమ్మా" అని వాడు నవ్వాడు. నాలుగు నెలల తరువాత యింట్లో విన్న నవ్వు అది.

అప్పుడు మేము అడిగాము. "పోనీ, ఇది నీ ఉద్యోగానికి ఏమైనా పనికివస్తుందా?"

వాడు కొంచెం ఆగి చెప్పాడు. "లేదు నాన్నగారూ. ఆడుకోవడానికే. పని కోసమని, చదువు కోసమని చెప్పమని స్నేహితులు అన్నారు. మీతో అబద్ధం చెప్పి కొనడం నాకు ఇష్టం లేదు."

ప్రియులారా, ఆ జవాబు మమ్మల్ని చాలాసేపు మాట్లాడనివ్వలేదు. పని కోసమని చెప్పి ఉంటే మేము ఎప్పుడో ఒప్పుకొని ఉండేవాళ్ళము. నిజం చెప్పినందుకు వాడు నాలుగు నెలలు మా మౌనం భరించాడు.

ఆ చీటీలో అన్నిటికన్న పెద్ద ధర గ్రాఫిక్స్ కార్డుది. ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 4080 సూపర్, 1,05,000 రూపాయలు. తెర మీద బొమ్మలు గీసే పని దానిదే. అది గరిష్ఠంగా 320 వాట్ల కరెంటు తీసుకుంటుందట. ఆ మాట విని మేము చీటీలో కరెంటు సరఫరా చేసే భాగం ఏదని వెదికాము. పవర్ సప్లై అని ఒకటి కనబడింది. ధర 3,500 రూపాయలు మాత్రమే.

కంప్యూటర్లను గూర్చి మాకు ఏమీ తెలియదు. కానీ మా ఊరి కరెంటును గూర్చి బాగా తెలుసు. 2019 క్రిస్మసుకు ముందు మందిరంలో ఆంప్లిఫయరు కాలిపోయింది. డబ్బు మిగులుతుందని చవక స్టెబిలైజరు తెచ్చినవాళ్ళము మేమే. వోల్టేజి ఒక్కసారిగా పెరిగి, అది పోతూ ఆంప్లిఫయరును కూడా తీసుకుపోయింది. ఆ సంగతి గుర్తుచేసి, "అంత ఖరీదైన కార్డు వెనుక ఇంత చవక వస్తువు పెడతావా? కరెంటు పోయినప్పుడు ఏమిటి గతి?" అని అడిగాము.

వాడి ముఖం చిన్నబోయింది. ఎలక్ట్రికల్ చదివినవానికి తెలియక కాదు. ఆ పెద్ద కార్డు మీద మూడేళ్ళుగా ఆశ పెట్టుకుని, అది సరిపోయేలా మిగిలిన చోట్ల కోసుకుంటూ వచ్చాడు. చవక పవర్ సప్లైల మీద వ్రాసిన వాట్లు అన్నీ నిజం కావని, అది చెడితే మిగతా భాగాలనూ చెడగొట్టవచ్చునని వాడే ఒప్పుకున్నాడు. ఆ రాత్రి కాగితం తీసుకుని మళ్ళీ వ్రాశాడు. మేము చెప్పలేదు, వాడే ఒక మెట్టు దిగి ఆర్‌టీఎక్స్ 4070 టిఐ సూపర్ పెట్టుకున్నాడు. ధర 82,000. వేగం కొంత తగ్గుతుంది. 16 జీబీ మెమొరీ మాత్రం రెండింటికీ సమానమే. కరెంటు 285 వాట్లు చాలు. వాడు కొనబోయే మానిటరు 27 అంగుళాలది, తెర మీద చుక్కలు సుమారు 37 లక్షలు. 4కె తెరకైతే సుమారు 83 లక్షల చుక్కలు గీయవలసి వస్తుంది కనుక పెద్ద కార్డు అవసరమయ్యేది. ఈ తెరకు ఇది సరిపోతుందని తేల్చుకున్నాడు. మిగిలిన డబ్బుతో గోల్డ్ గుర్తు గల 850 వాట్ల మంచి పవర్ సప్లై, ఒక టీబీకి బదులు రెండు టీబీల ఎస్ఎస్‌డి, చీటీలో పదో వస్తువుగా ఒక యూపీఎస్ చేరాయి.

జూలైలో ఒక రాత్రి తండ్రీకొడుకులం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. టిక్కెట్ల డబ్బు మాది. తెల్లవారి సికింద్రాబాదులో దిగి, దుకాణాలు తెరిచేవరకు టీ త్రాగుతూ కూర్చున్నాము. అక్కడ మా నోట ఆ మాట వచ్చింది. "ఆ ఆదివారం మేము అలా మాట్లాడకుండా ఉండవలసింది. నిన్ను అడగకుండా నిన్ను గూర్చి పదిమందిలో చెప్పాము. అది తప్పు." వాడు గ్లాసు వైపు చూస్తూ, "పోనివ్వండి నాన్నగారూ" అన్నాడు. కొంతసేపటికి, "మీరు వస్తారనుకోలేదు" అన్నాడు. అంతకన్న ఏమీ అనుకోలేదు.

పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు అని కంప్యూటరు దుకాణాల సముదాయం ఉన్నది. అంతస్తు తరువాత అంతస్తు అన్నీ అవే దుకాణాలు. వాడు చీటీ చేతబట్టుకుని నాలుగు చోట్ల ధర అడిగాడు. ఒకాయన నీటితో చల్లబరిచే కూలరు తీసుకోమని బలవంతం చేశాడు. ఈ ప్రాసెసరుకు 4,000 రూపాయల గాలి కూలరు చాలునని వాడు కదలలేదు. మదరుబోర్డు విషయంలోనూ అంతే. బి650 రకం 17,000. దానికి రెట్టింపు ధరవి చూపించారు. ఆటలలో వేగం పెరగనప్పుడు ఎందుకన్నాడు. మెమొరీ 32 జీబీ డీడీఆర్5, ఒకే కడ్డీగా కాక 16 చొప్పున రెండు తీసుకున్నాడు. రెండు ఉంటే ఒకేసారి రెండు దారుల్లో సమాచారం నడుస్తుందట. పెట్టె కొనేటప్పుడు టేపుతో లోపలి పొడవు కొలిచి, కార్డు పడుతుందని చూసుకున్నాడు. మా ఊరిలో రైసుమిల్లుల ఊక దుమ్ము ఎక్కువ కనుక, ముందు ప్రక్క జాలీ, తీసి కడుక్కోదగిన వడపోత ఉన్నదే కావాలన్నాడు. అంతా కలిపి 2,15,500 అయింది. మిగిలిన 500 తో ఇద్దరం భోజనం చేశాము.

యింటికి వచ్చాక శనివారమంతా కూర్చాడు. టార్చిలైటు పట్టుకోవడం మా పని. కార్డుకు కరెంటు అందించే 16 పిన్నుల తీగ దగ్గర చాలా జాగ్రత్తపడ్డాడు. 2022 చివరలో 4090 అనే పెద్ద కార్డులకు ఇలాంటి తీగ కొన కరిగిన సంఘటనలు జరిగాయని, చివరిదాకా దిగకపోవడం వాటికి ఒక ముఖ్య కారణమని చెప్పాడు. "సందు ఏమైనా కనబడుతోందా నాన్నగారూ?" అని అడిగాడు. కళ్ళజోడు సరిచేసుకుని, వంగి చూసి, లేదన్నాము.

రాత్రి ఎనిమిదికి స్విచ్చి వేశాడు. పంకాలు తిరిగాయి, లోపల రంగు దీపాలు వెలిగాయి. "క్రిస్మసు స్టారులా ఉందిరా" అన్నది వాళ్ళమ్మ. కానీ తెర నల్లగానే ఉన్నది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. మూడేళ్ళ సంపాదన అక్కడ గిరగిరా తిరుగుతున్నది, ఏమీ కనబడదు. మాకు చెమటలు పట్టాయి. ఆపేయమని నోటిదాకా వచ్చింది. వాడు చెయ్యి అడ్డుపెట్టి, "ఆపకూడదు. మొదటిసారి మెమొరీని సరిచూసుకుంటుంది, కొన్ని నిమిషాలు పడుతుంది. ఓపిక పట్టాలి" అన్నాడు. ఓపికను గూర్చి ఇతరులకు చెప్పడమే గాని, కుర్చీలో కూర్చుని నేర్చుకోవడం మాకు ఆ రాత్రి తప్పలేదు. తెర వెలిగేసరికి మా శ్రీమతి చప్పట్లు కొట్టింది.

వాడు మొదట పెట్టింది విమానం నడిపే ఆట, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరు. రాజమండ్రి విమానాశ్రయం నుండి లేచి, గోదావరి మీదుగా మా ఊరి వైపు తెచ్చాడు. మందిరం ఎక్కడున్నదో పోల్చుకోలేకపోయాము. కాలువ మాత్రం కనబడింది, కాలువ ప్రక్క రోడ్డు కనబడింది. ఏడవ తరగతిలో వాడు నోటుపుస్తకాల అట్టల మీద విమానాలు గీసి దెబ్బలు తిన్న సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. వాడు తుపాకులు పేల్చే ఆటలు కూడా ఆడతాడు. అవి మాకు ఇప్పటికీ ఇష్టం లేదు, ఆ సంగతి వానికి చెప్పాము. హెడ్‌ఫోను పెట్టుకుంటాడు, పదిన్నరకు కట్టేస్తాడు. ఆ వేళ వాడు పెట్టుకున్నదే.

తరువాతి ఆదివారం ప్రసంగానికి ముందు, ఫిబ్రవరిలో ఒక యౌవనస్థుని గూర్చి విచారించకుండా మాట్లాడామని సంఘం ఎదుట ఒప్పుకున్నాము. మైకులో ఒక క్షణం కీచుమన్న శబ్దం వచ్చింది. వాడు వెంటనే సరిచేశాడు.

2025 చివరి నెలలలో మెమొరీ ధరలు అమాంతం పెరిగాయి. కృత్రిమ మేధ కేంద్రాలకే తయారీ ఎక్కువగా పోవడం కారణమట. 10,500 కు కొన్న ఆ రెండు కడ్డీలు ఇప్పుడైతే కొనలేకపోయేవాణ్ణని వాడంటాడు. వసారా రేకులు 2025 వేసవిలో మార్చాము. వాడు సగం ఇచ్చాడు. మేము అడగలేదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు మీకు అర్థం కాని వస్తువు అడిగినప్పుడు, కాదనే ముందు వారి చీటీ చదవండి. దానిలో మీకు తెలిసిన సంగతి ఒకటైనా ఉంటుంది, అక్కడ సాయం చేయండి. యౌవనస్థులారా, ఆటకు కొనేదాన్ని ఆటకేనని చెప్పండి. మీ డబ్బుతో, మీ లెక్కతో, యింటి భాగం ఇచ్చిన తరువాత కొనండి. కొనే ముందు ఆ చీటీని ఒక్కసారి మీ నాన్నగారి ముందు పెట్టండి. ఆయనకు ప్రాసెసరు తెలియకపోవచ్చు, మీ ఊరి కరెంటు తెలుసు.