మా యింటి లెక్క

2023వ సంవత్సరము మే నెలలో మా యమ్మాయి డిగ్రీ మొదటి యేటి పరీక్షలు ముగించుకొని యింటికి వచ్చినప్పుడు, పెట్టెలో బట్టలతోపాటు ఒక లావుపాటి నోటుపుస్తకమును తెచ్చినది. దాని ప్రతి పుటయందును తేది, చేసిన పని, తెలిసికొన్న విషయము, అధ్యాపకుల సంతకము అని గళ్లు గీయబడి యుండెను. దానిని లాగ్‌బుక్కందురట. సెలవులలో 180 గంటలు జనుల మధ్య తిరిగి, ఒక సాంఘిక విషయమును పరిశీలించి, ఆ పుస్తకమును నింపి, కడపట నివేదిక వ్రాసి సమర్పించినచో నాలుగు క్రెడిట్లు లభించునని చెప్పినది. ఆమె ప్రధానముగా చదువుచున్నది సమాజశాస్త్రము.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరమున వచ్చిన పాఠ్యప్రణాళికలో డిగ్రీ విద్యార్థులకు మొత్తము పది నెలల ఇంటర్న్‌షిప్ విధించిరి. మొదటి యేడు ముగిసిన పిమ్మట రెండు నెలలు సమాజసేవ, రెండవ యేడు ముగిసిన పిమ్మట రెండు నెలలు ఏదేని సంస్థలో పని, చివరి యేట ఒక సెమిస్టరంతయు మరియొక పని. మా కాలమున డిగ్రీ యనగా గైడు కంఠస్థము చేయుట, మార్చినెలలో మూడు గంటలు వ్రాయుట, ఏప్రిలునాటికి మరచిపోవుట. కావున నీ మార్పు నాకు మంచిదిగనే తోచినది.

మంచిదని తోచినది గాని, ఆ మే నెల యెండను చూచిన తోడనే నా బుద్ధి వేరుదారి పట్టినది. ఇట్టి నివేదికలు జెరాక్సు దుకాణములలో తయారుగా దొరకునని, పేరు మార్చుకొన్న చాలునని, నా సహోపాధ్యాయులు చెప్పగా వినియుంటిని. "ఎందుకమ్మా ఈ ఎండలో తిరగడం! వార్డు ఆఫీసులో నాకు తెలిసినాయన ఉన్నాడు, సంతకం పెట్టిస్తాను. ఇంట్లో కూర్చుని ఆ పుస్తకం నింపేసి, పోటీ పరీక్షలకి చదువుకో" అంటిని. ఆమె నావంక చూచి యేమియు ననలేదు. మరునాటి యుదయము ఆరున్నరకు గొడుగు తీసికొని బయలుదేరినది.

ఆ చూపు నాకు చాలసేపు గుచ్చుకొన్నది. నేను ముప్పదిమంది పిల్లలచేత 'సత్యం వద' యని చెప్పించువాడను. క్రెడిట్ అను మాటయొక్క పుట్టుక నాకు తెలియని దికాదు. లాటిను భాషలో 'నమ్ముట' యను నర్థముగల ధాతువునుండి యది వచ్చినది. ఆ ధాతువును, మన 'శ్రద్ధ' యను శబ్దమును ఒక్క మూలమున బుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించియున్నారు. చేయని పనికి సంతకము పెట్టించి క్రెడిట్ సంపాదింపుమని కన్నకూతునకు బోధించిన తండ్రికి ఈ వ్యుత్పత్తిజ్ఞానమంతయు నెందులకు?

ఆమె యెన్నుకొన్న విషయము ఇంటిపనివారి స్థితిగతులు. దూరముగా పోనక్కరలేదు; మా వీథియు, దాని వెనుకవీథియు జాలును. మొదటి వారమున ఆమె ప్రశ్నల పట్టిక చాల నాగరికముగా నుండెను. "మీ యజమానులు మిమ్మల్ని బాగా చూసుకుంటున్నారా?" అని యడుగగా ప్రతివనితయు "బాగానే చూస్తారండి" అని చెప్పి చీపురు చేతబట్టుకొని పోయెడిది. ఆ ఫారములను ఆమె తన అధ్యాపకురాలికి చూపగా, ఆవిడ యన్నియు కొట్టివేసి యొక్కమాట చెప్పినదట: "అభిప్రాయం అడగకు, జరిగింది అడుగు. నిన్న ఎన్నింటికి లేచారు? ఎన్ని ఇళ్లకి వెళ్లారు? దాహమేస్తే నీళ్లు ఎక్కడ తాగారు? ఏ గ్లాసుతో తాగారు? కాళ్లు నొప్పి పుడితే ఎక్కడ కూర్చున్నారు? కిందటి నెల ఎన్ని రోజులు మానారు, ఎంత కోశారు?"

ప్రశ్నలు మారినంతనే జవాబులు మారినవి. పేర్లు వ్రాయనని చెప్పినందున కొంత ధైర్యమును గలిగినది. రాత్రులు ఆమె ఫారములు సరిచూచుకొనుచుండగా నేను ప్రక్కన గూర్చుండి వినుచుంటిని. ఒక యింట పనిమనిషి మరుగుదొడ్డి కడుగవచ్చును గాని, అందులోనికి తన యవసరమునకు బోరాదు. మరియొక యింట పండుగనాడు చీర పెట్టుదురు గాని, ఆ పండుగనాడు రెండింతల పాత్రలు తోమింతురు. ఇవన్నియు వినుచు నేను "అయ్యో! ఎంత ఘోరము!" అని యనుచుంటిని. పొరుగువారి దోషములు వినుటలో నొక సుఖము కలదు. ఆ సుఖమును నేను సాంఘికచింతనమని భ్రమించితిని.

ఆ యుత్సాహముతో ఆమెకు కొన్ని సంగతులు చెప్పితిని. మన తెలుగువారికి లెక్క తీయుట క్రొత్త గాదని, 1897లో ప్రకటితమైన కన్యాశుల్క నాటకపు తొలికూర్పు పీఠికయందే గురజాడ అప్పారావుగారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములు 1034 అని లెక్క నిచ్చియున్నారని, అందు ఏడాది వయస్సు గల వధువులు ముగ్గురు కలరని చెప్పితిని. నాటకమునకు ముందు లెక్క యున్నది; నవ్వునకు ముందు ఆ ముగ్గురు పసికందు లున్నారు. ఆమెయు నాకు తన పాఠములోని సంగతులు చెప్పినది. దూబేగారు హైదరాబాదు సమీపమునందలి శామీర్‌పేట గ్రామమును పరిశోధించి 1955లో గ్రంథము వెలువరించిరట. ఎం.ఎన్. శ్రీనివాస్‌గారు 1948లో మైసూరు ప్రాంతపు పల్లె నొకదానిని పరిశీలించి, శుద్ధిచేసి వ్రాసికొన్న నోట్సు 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు అగ్నిప్రమాదమున కాలిపోగా, జ్ఞాపకముపై నాధారపడి వ్రాసి 1976లో ప్రకటించిరట. "శ్రీనివాస్‌గారి విశేషమేమిటంటే నాన్నగారూ, ఆయన తనవాళ్లనే చూశారు. దూరంవాళ్లని చూడటం సులువు, మనవాళ్లని చూడటం కష్టం" అన్నది. నేను తల యూపితిని. నాకు తగులబోవు మాట యదియని యెఱుగను.

మూడవవారమున నొకనాటి రాత్రి భోజనములైన పిమ్మట ఆమె రెండు ఫారములు తెచ్చి మా యెదుట కూర్చున్నది. "మన వీథిలో అన్ని ఇళ్లూ అయ్యాయి. మన ఇల్లు మిగిలింది" అన్నది. నా భార్య నవ్వుచు "అడగవే" అన్నది. జీతమడిగినది, చెప్పితిమి. పని చేయు వేళ లడిగినది, చెప్పితిమి. పనిమనిషి నీళ్లు దేనితో త్రాగునని యడిగినది.

ఒక నిమిషము ఎవరమును మాటలాడలేదు. మా పెరటిలో, పంపు ప్రక్కన, గోడ గూటియందు ఒక సొట్టపడిన స్టీలు గ్లాసుండును. అది మా యమ్మ నాటినుండియు నక్కడనే యున్నది. దానిని లోపలికి దెచ్చువారు గాని, అది యేల యక్కడ నున్నదని యడుగువారు గాని మా యింట లేరు. నేను ప్రతిదినమును ఆ పంపువద్దనే కాళ్లు కడుగుకొందును. వీరేశలింగముగారి జయంతికి బడిలో ఉపన్యసించి వచ్చినదినమునను అచ్చటనే కడుగుకొంటిని. ఆ గ్లాసును వేయిమారులు చూచితిని, ఒక్కమారును చూడలేదు.

"వేరే గ్లాసు ఉంది. అత్తగారి కాలంనుంచీ ఉంది" అని నా భార్య మెల్లగా చెప్పినది. అమ్మాయి వ్రాసికొన్నది.

అప్పుడు నేనన్నమాట యిక్కడ దాచినచో నీ వ్యాసమునకు అర్థము లేదు. "మన ఇల్లు వదిలెయ్యమ్మా. సొంత ఇంటిని పరిశోధనలో చేర్చకూడదు, అది శాస్త్రీయం కాదు" అంటిని. శాస్త్రమును అడ్డుపెట్టుకొంటిని. ఆమె కలము మూయకయే, "మన ఇల్లు తీసేస్తే తక్కిన ఇళ్లు ఎందుకుంచాలి నాన్నగారూ? వాళ్లూ నన్ను నమ్మే చెప్పారు కదా" అన్నది. నాకు బదులు దొరకలేదు. మా యిల్లును లెక్కలో చేరినది.

మరునాడు తెల్లవారకముందే నేను లేచి ఆ గ్లాసును పాతయినుము కొనువాని సంచిలో వైచితిని. పనిమనిషి రాగానే, చాల గొప్పపని చేసినవానివలె, "ఇకమీద లోపలి గ్లాసుతోనే నీళ్లు తాగమ్మా" అంటిని. ఆమె కాసేపు నావంక వింతగా చూచి, తన సంచిలోనుండి యొక ప్లాస్టిక్ సీసా దీసి చూపినది.

"గ్లాసుదేవుంది బాబుగారూ! ఆ గ్లాసు ముట్టుకుని రెండేళ్లయింది. నీళ్లు నేనే తెచ్చుకుంటన్నాను. తమరేదన్నా చేయాలనుకుంటే ఆదివారం ఒక్కటీ నన్ను మానుకోనియ్యండి. డబ్బులు కోయకండి. మా పిల్ల మొహం పగలు చూసి ఎన్నాళ్లయిందో!"

మేము మానిన దినమునకు కోయుచుంటిమా? నాకు తెలియదు. నా భార్య నడిగితిని. కోయుచుంటిమట. "మీరు నెలకింత అని చేతికిస్తారు, అందులో సర్దాలి కదా" అన్నది. తప్పామెది యని యెట్లు చెప్పగలను?

గ్లాసు పారవేయుటకు నాకొక నిమిషము పట్టినది, పైస ఖర్చు కాలేదు. ఆదివారము సంగతి యట్టిది గాదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ యింటిపనివారిని గూర్చి 189వ ఒడంబడికను చేసినది. వారమునకు వరుసగా ఇరువదినాలుగు గంటలకు తక్కువగాని విశ్రాంతి నీయవలెనని యందున్నది. భారతదేశము దానికి అనుకూలముగా ఓటు వేసినది గాని, ఇంతవరకును దానిని ధ్రువీకరింపలేదు. మా యింటి స్థితియు దేశముయొక్క స్థితివంటిదే యయ్యెను. సూత్రమునకు ఓటు వేసితిమి, ఆచరణమునకు గడువడిగితిమి.

నా భార్య యడిగినది న్యాయమైన ప్రశ్న: "ఆదివారం అందరూ ఇంట్లో ఉంటారు, అంట్లు రెట్టింపు. ఆవిడకి సెలవిస్తే అవి ఎవరు తోముతారు? మీ సంస్కరణ నా నడుముమీదనా?" నాకు నలువదియారేండ్లు. అంతవఱకు నేనొక పాత్ర తోమిన పాపమున బోలేదు. ఆమె ప్రశ్నకు సమాధానము మాటలతో జెప్పదగినది గాదు. ఆ ఆదివారము పంచె యెగగట్టి పంపువద్ద గూర్చుంటిని. అడుగంటిన పాలగిన్నె యొక్కదానికే పావుగంట పట్టినది. లేచునప్పటికి మోకాళ్లు పట్టుకొనిపోయినవి. ఆమె దినమున కైదిండ్లలో నీ పని చేయును.

ఇంతటితో కథ ముగిసినచో నాకును, చదువరులకును తృప్తిగా నుండెడిది. కాని సోమవారమునాడు "నిన్న పాపతో ఉన్నావా?" యని నా భార్య యడుగగా, ఆమె నవ్వి, "మీరు మానుకోమన్నారు. తక్కిన నాలుగిళ్లవాళ్లు మానుకోమనలేదు గదండీ" అన్నది. అయిదిండ్లలో నొక్క యిల్లిచ్చిన సెలవు సెలవు గాదు. పనిలో నొక గంట తగ్గుట మాత్రమే. ఒక్కని మంచితనమెంతవఱకు పోగలదో, ఎక్కడ ఆగిపోవునో ఆ మాటతో నాకు బోధపడినది. సమాజశాస్త్రమను శాస్త్రమొకటి యేల కావలసివచ్చెనో కూడ నప్పుడే తెలిసినది.

తక్కిన నాలుగిండ్లకును నేనును నా భార్యయు కలిసి వెళ్లితిమి. ఒకరు "మేష్టారూ, మీరు అలవాటు చేస్తే వీథంతా పాడవుతుంది" అనిరి. ఒకరు ఆలోచింతుమనిరి. ఇద్దరొప్పుకొనిరి. ఆలోచింతుమన్నవారు దసరా వెళ్లిన పిమ్మట సరే యనిరి. మొదటివారు నేటికి నొప్పుకొనలేదు. కావున ఆమె యిప్పుడు ఆదివారము ఒక్క యింటికి మాత్రము వెళ్లి, ఎనిమిది గంటలకు తన యింటికి చేరుచున్నది.

మా యమ్మాయికి నాలుగు క్రెడిట్లు వచ్చినవి. నివేదిక కళాశాల బీరువాలో నున్నది. అట్టి నివేదికలలో కొన్ని దుకాణములో కొన్నవియు నుండవచ్చును. వానికిని అవే నాలుగు క్రెడిట్లు. దానిని గూర్చి యామె కేమియు చింతలేదు. నాకే యుండెను. తల్లిదండ్రులమైన మనము, పిల్లలు నిజముగా చేయబూనిన పనికి అడ్డు రాకుండుటయే గాక, వారు ఫారము పట్టుకొని మన గుమ్మమున కూర్చున్నప్పుడు నిజము చెప్పవలెను. చదువరులారా, మీ యింట పనిచేయునామె నీళ్లు దేనితో త్రాగునో రేపు చూడుడు. చూచి, దానితో నాగక, ఏ దినము ఆమెదో యామెనే యడుగుడు.