హార్స్లీ కొండ నుండి కుప్పం వరకు

గత నవంబరులో ఒకనాటి సాయంత్రం నా చిన్ననాటి స్నేహితుడు ఫోను చేశాడు. "ఒరే, మందులు అయిపోయినాయి. డాక్టరు నయమైందన్నాడు. రెండు రోజులు కారులో తిరిగొద్దామా? హార్స్లీ కొండ ఎక్కి, ఆ తర్వాత పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోదాం. పాపను చూసి ఏడు నెలలైంది" అన్నాడు. పాప అంటే కుప్పంలో ఉన్న వాడి మనుమరాలు. నేను వెంటనే సరేనన్నాను గాని, ఫోను పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి.

వాడికి వచ్చినది క్షయ. మదనపల్లెలో మా ఇద్దరి ఇళ్లూ రెండు వీధుల దూరం. ముప్పై ఏళ్లుగా ఆదివారం ఆరాధనలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. జబ్బు సంగతి తెలిశాక వాడి ఇంటికి వెళ్లాను గాని, గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వచ్చేశాను. వాడి భార్య కాఫీ ఇవ్వబోతే "ఇప్పుడే తాగొచ్చినానమ్మా" అన్నాను. నిజానికి ఆ రోజు ఉదయం నుండి తాగనే లేదు. కొన్ని వారాల తర్వాత డాక్టరు అనుమతితో వాడు మళ్లీ ఆరాధనకు వచ్చినప్పుడు, నేను ఫ్యాను గాలి వంక పెట్టి రెండు వరుసలు ముందుకు జరిగాను. అక్కడే స్థిరపడిపోయాను.

మరి అలాంటి నన్నే వాడు ప్రయాణానికి పిలిచాడు. శుక్రవారం ఉదయం ప్రార్థన చేసుకుని మా అబ్బాయి కారులో బయలుదేరాము. బండి నేను నడిపాను.

"ముందు శానిటోరియం దగ్గర ఆపు" అన్నాడు. ఊరికి కొద్ది దూరంలోనే ఉన్న ఆరోగ్యవరాన్ని మా ప్రాంతంలో ఇప్పటికీ అలాగే పిలుస్తారు. గేటు లోపల చెట్ల నీడన కారు ఆపాను. "మా నాయన పెళ్లికి ముందు ఇక్కడ ఎనిమిది నెలలు ఉన్నాడు. మా అమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె పోయే ముందు సంవత్సరం నాకు చెప్పింది" అన్నాడు. యాభై ఏళ్ల స్నేహంలో నేను ఆ మాట వినడం అదే మొదటిసారి.

ఆరోగ్యవరం కథ చాలామందికి తెలియదు గనుక కొంత చెబుతాను. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో కనుగొన్నాడు గాని, దాన్ని అణచగల స్ట్రెప్టోమైసిన్ 1943 వరకు దొరకలేదు. ఆ 60 ఏళ్లలో వైద్యులు ఇవ్వగలిగినవి ముఖ్యంగా మూడే: విశ్రాంతి, మంచి ఆహారం, శుభ్రమైన గాలి. సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైన ఉండి, ఉక్కపోత లేని మదనపల్లె పీఠభూమి అందుకు తగిన చోటు. కనుక అనేక మిషనులు ఏకమై ఇక్కడ క్షయ రోగులకు యూనియన్ మిషన్ శానిటోరియం నెలకొల్పాయి. 1915 నాటి నుండి ఆరోగ్యవరం పేరు దక్షిణ భారతమంతా పాకింది. డెన్మార్కు దేశం నుండి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమట్‌మోలర్ దానికి తొలి సూపరింటెండెంటు. నేడు అది ఇతర జబ్బులకు కూడా వైద్యం చేసే ఆసుపత్రి.

తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ప్రారంభమైన క్షయ చికిత్సా కేంద్రం, రోగులను రెండు భాగాలుగా చేసి కొందరిని శానిటోరియంలోను, కొందరిని వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచి మందులిచ్చి చూసింది. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లో మందులు మింగినవారు శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా కోలుకున్నారు. అంతేకాదు, రోగి ఇంట్లోనే ఉండి చికిత్స పొందినందువల్ల కుటుంబంలోని వారికి ప్రమాదం పెరగలేదు. ఇప్పుడు సాధారణ క్షయకు ఆరు నెలల మాత్రలు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. సరైన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలలోనే సాధారణంగా ఎదుటివారికి అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. దగ్గినప్పుడు గాలి ద్వారా వచ్చే జబ్బే గాని, కంచం వల్లనో చెయ్యి కలిపినందువల్లనో వచ్చేది కాదు. మేమిద్దరం పుట్టకముందే తేలిన సంగతి నాకు అరవై దాటినా తలకెక్కలేదు.

అంగళ్ళు దాటి, కొండ మలుపు దగ్గర ఘాట్ రోడ్డు ఎక్కాము. మలుపు మలుపుకూ చలి పెరిగింది. నీలగిరి చెట్ల వాసన కారులోకి వచ్చింది. వాడు అద్దం పూర్తిగా దించాడు. నేను కూడా నా వైపు అద్దం దించాను. 4,000 అడుగులకు పైన ఉన్న ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పూర్వం మల్లమ్మ అనే ఆమె ఈ కొండ మీద ఉండేదని, ఏనుగులు ఆమెకు ఆహారం తెచ్చి ఇచ్చేవని, ఆమె కొండవాసుల జబ్బులు నయం చేసేదని ఇక్కడివారు చెప్పుకుంటారు. తర్వాత కడప కలెక్టరు హార్స్లీ దొర వేసవి విడిదికి ఇక్కడ బంగళా కట్టుకున్నాడు. అప్పటి నుండి దొర పేరు నిలిచింది, మల్లమ్మ పేరు మరుగున పడింది.

సాయంత్రం గాలిబండ మీదికి నడిచాము. పేరుకు తగిన చోటు. పంచె నిలవదు, మాట వినబడదు. వేసవిలో వాడు మా వీధి చివరిదాకా నడవలేక మూడుచోట్ల ఆగడం నేను కిటికీలోంచి చూశాను. ఆ మనిషి బండ మీదికి ఆగకుండా ఎక్కాడు. అంచుకు కొంచెం ఇవతల నిలబడి, గుండెనిండా గాలి పీల్చి, దగ్గు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. నా వైపు తిరిగి చిన్నపిల్లవాడిలాగ నవ్వాడు. కింద దూరదూరంగా చెరువులు సాయంకాలపు ఎండలో పళ్లెముల వలె మెరుస్తున్నాయి.

మరునాడు ఉదయం దిగి, మదనపల్లెలో టమోటా లారీల మధ్య దారి చేసుకుని పుంగనూరు రోడ్డు పట్టాము. రవీంద్రనాథ్ ఠాగూరు 1919లో జాతీయగీతాన్ని ఇంగ్లీషులోకి మార్చినది మదనపల్లె కాలేజీలోనేనని ప్రతి మదనపల్లెవాడూ కొత్తవారికి చెబుతాడు. మేమిద్దరం పాతవాళ్లం గనుక ఎవరికీ చెప్పే అవసరం రాలేదు.

ఈ ప్రాంతంలో ఊళ్ల పేర్లు గమనించారా? చిన్నతిప్పసముద్రం, పెద్దతిప్పసముద్రం, రామసముద్రం. సముద్రం ఎక్కడో ఉంది, ఇక్కడ ఉన్నవి చెరువులే. పెద్ద నదులు లేని మెట్టసీమలో, చెరువు తవ్వించినవారికి అదే సముద్రం. ఎగువ చెరువు నిండితే మరువ మీదుగా పొంగిన నీరు వాగులో పడి దిగువ చెరువుకు చేరుతుంది. అందుకే వీటిని గొలుసుకట్టు చెరువులంటారు. ఏ చెరువు నీళ్లు దానికే అని కట్ట ఎత్తు పెంచుకుంటే దిగువ ఊరు ఎండుతుంది, గట్టి వాన వస్తే ఎగువ కట్టే తెగుతుంది. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ కుప్పం వరకు కృష్ణా నీటిని తెస్తున్నా, వాన నీటిని పట్టి నిలిపేవి ఈ చెరువులే.

ఒక చెరువుకట్ట పక్కన టీ అంగడి కనబడితే ఆగాము. మరువ మీద నీరు పలుచగా పారుతోంది. వాడు రెండు కాఫీలు చెప్పబోయాడు. నేను "వన్ బై టూ చాలన్నా" అని అంగడివానితో అన్నాను. ఒక కాఫీ రెండు గ్లాసులలోకి వచ్చింది. వాడు తన గ్లాసు వైపు చూస్తూ మెల్లగా అన్నాడు: "నువ్వు బెంచీ మారినావు. నాకు తెలుసులేరా. ఆరు నెలలు నీ వీపు చూస్తా ప్రార్థన చేసుకున్నా."

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి "కోపం రాలేదా?" అన్నాను.

"రాకుండా ఎట్లుంటాది? మాత్ర మింగినప్పుడల్లా వచ్చేది. మాత్రలు అయిపోయినాయి. ఇంక కోపం పెట్టుకోని ఏం చేసేది?"

"తప్పు చేసినాను, క్షమించరా" అన్నాను. వాడు జవాబు చెప్పలేదు. కాఫీ చివరి గుటక తాగి, "చక్కెర ఎక్కువేసినాడు" అన్నాడు. అదే వాడి జవాబని నాకు తెలుసు.

పుంగనూరులో, ఊరి పేరే జాతి పేరైన పొట్టి ఆవు ఒకటి రోడ్డు పక్కన మేస్తూ కనబడింది. ఎత్తు మూడు అడుగులు దాటదు. కరువుకు తట్టుకుని, కొద్దిపాటి మేతతో చిక్కటి పాలిస్తుంది. పలమనేరు దాటాక అడవి మొదలైంది. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి ఏనుగుల మందలు ఇటు వచ్చాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. రాత్రిళ్లు పంటకు కాపలా ఉండే రైతుల కష్టం కూడా అప్పటి నుండి ఉన్నదే. కుప్పం దారిలో పక్కకు తిరిగి కైగల్ జలపాతం చూశాము. దుముకురాళ్లు అని ఇక్కడివారు పిలుస్తారు. రాళ్ల మీద కూర్చుని కట్టి తెచ్చుకున్న పులిహోర ఒకే పొట్లంలో తిన్నాము.

కుప్పంలో వాడి కూతురి ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. అంతదాకా హుషారుగా ఉన్నవాడు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఏప్రిల్‌లో నేను ఆగినట్లే. పాప పరుగెత్తుకుని వచ్చి చేతులు చాచింది. వాడు చేతులు వెనక్కి పెట్టుకుని కూతురి అత్తగారి వైపు చూశాడు. ఆ పెద్దామె "ఎత్తుకోండన్నా, ఏం చూస్తా ఉండారు? పొద్దుట్నుంచీ మీకోసమే వాకిట్లో ఉండాది" అన్నది. వాడు పాపను ఎత్తుకుని, తల దాని భుజం మీద పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. నేను చెప్పులు విడిచి, వాడికంటే ముందు లోపలికి వెళ్లి కూర్చున్నాను. కాఫీ ఇస్తే తాగాను.

ఆ మరుసటి వారం ఆరాధనలో నా పాత బెంచీకి వెళ్లాను. వాడు ఏమీ అనకుండా కొంచెం జరిగి చోటిచ్చాడు.

ప్రియ పాఠకులారా, మీ వీధిలోనో, మీ సంఘంలోనో ఎవరైనా ఆ ఆరు నెలల మాత్రలు మింగుతూ ఉండవచ్చు. వారికి మందు ఆసుపత్రిలో దొరుకుతుంది. పక్కన కూర్చునే మనిషి మాత్రం అక్కడ దొరకడు. మనమే వెళ్లాలి.