ఇద్దరి పేర్లున్న ఫైలు

హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు నడుపుతున్న గృహరుణ పరిశీలన కేంద్రంలో నగదు కౌంటర్లు ఉండవు. శాఖలకు వచ్చిన దరఖాస్తులు ఇక్కడికే చేరి, జీతం చీటీలు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంజినీరు ఇచ్చిన విలువ నివేదిక ఒక్కొక్కటిగా పరీక్షకు నిలిచిన తర్వాతే మంజూరు లేఖ తయారవుతుంది కాబట్టి, హాలంతా ట్యాగులు కట్టిన ఫైళ్లతోనూ, అధికారుల బల్లల ముందు జంటగా వేసిన కుర్చీలతోనూ నిండి ఉంటుంది. ఆ కుర్చీలలో కూర్చునేవారు ఎక్కువగా భార్యాభర్తలే. నగరంలో ఒక్క జీతంతో ఫ్లాటు కొనడం మధ్యతరగతికి తలకు మించిన భారం కావడంతో ఉమ్మడి దరఖాస్తు మామూలు పద్ధతి అయిపోయింది. ఆ ఇద్దరిలో ఒకరి రుణచరిత్ర దెబ్బతిని ఉంటే ఆ దరఖాస్తు గతి ఏమవుతుందో చూడడమే ఈ సందర్శన ఉద్దేశం.

ఉమ్మడి రుణమంటే చాలామంది అనుకున్నట్టు చెరి సగం అప్పు కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, కలిసి మాట ఇచ్చినవారిలో ఏ ఒక్కరి నుంచైనా మొత్తం బాకీ రాబట్టుకునే హక్కు అప్పిచ్చినవారికి ఉంటుంది. ఇద్దరిలో ఎవరైనా మొత్తానికీ బాధ్యులే గనుక, ఒకరి స్కోరు 790, మరొకరిది 640 అయితే రెండూ కలిపి 715 అని బ్యాంకు సగటు కట్టదు; రెండు నివేదికలూ విడివిడిగా తెప్పించుకుని బలహీనమైన దాని దగ్గర ఆగుతుంది. గతంలో తీసుకున్న అప్పులను వేళకు తీర్చిన తీరును 300 నుంచి 900 వరకు ఉండే అంకెగా చెప్పేదే ఈ స్కోరు. 2005 నాటి చట్టం కింద దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు దీన్ని ఇస్తున్నా, జనం నోట అన్నీ సిబిలే. ఇంత స్కోరు ఉంటేనే అప్పివ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టలేదు. ఆ గీత గీసుకునేది ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే. అందువల్ల ఒక చోట తిరిగివచ్చిన దరఖాస్తు మరొక చోట, కాస్త ఎక్కువ వడ్డీకైనా, నిలబడే వీలుంది.

ఆ రోజు బల్ల మీదికి వచ్చిన ఫైళ్లలో ఒకటి ఈ చిక్కును పూర్తిగా చూపింది. భర్త ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంటెంటు, చేతికందే జీతం నెలకు 60,000. భార్య ప్రైవేటు పాఠశాలలో టీచరు, ఆమె జీతం 45,000. కొనదలచిన ఫ్లాటు వెల 65 లక్షలు. భర్త నివేదికలో పేచీ లేదు. భార్య నివేదికలో పాత క్రెడిట్ కార్డు ఖాతా కింద నెలకొక గడి చొప్పున 36 గడులున్న పట్టిక ఉంది. వాయిదా మీరని నెలకు 000 అనీ, మీరితే ఎన్ని రోజులు మీరిందో ఆ సంఖ్యా ఆ గడులలో పడతాయి. వరసగా సున్నాలు నడిచిన ఆ పట్టికలో ఒకచోట 30, పక్కన 60, ఆ పక్కన 90 అంటూ అంకెలు మెట్లెక్కాయి. 90 రోజులు దాటిన బాకీని బ్యాంకులు నిరర్థక ఆస్తిగా లెక్కగడతాయి. ఆ మెట్ల చివర ఖాతా స్థితి ‘సెటిల్డ్’ అని ఉంది. అధికారి వేలు ఆ మాట దగ్గరే ఆగింది.

“ఆ బాకీ కట్టేశాం కదా సార్, వాళ్లే లెటరు కూడా ఇచ్చారు” అని ఆమె అన్నప్పుడు, “కట్టింది సగమేనమ్మా. మిగతా ఇరవై రెండు వేలు వాళ్లు వదులుకున్నారు. ఇక్కడ రాసింది అదే” అని ఆయన నివేదికను ఆమె వైపు తిప్పారు. తగవు సెటిల్ అయిందంటే తెలుగువారి వాడుకలో ఇక పేచీ లేదని అర్థం. రుణ నివేదికలో అదే మాటకు అప్పిచ్చినవారు కొంత నష్టపోయి ఖాతా మూసుకున్నారని అర్థం. వసూలుకు వచ్చే మనుషులు మొదటి అర్థంలో మాట్లాడి రెండో అర్థంలో రాయించుకుంటారు. ఈ తేడాను ఖాతాదారుకు ముందుగా తెలుగులో, రాతపూర్వకంగా చెప్పకపోవడం అన్యాయమే.

ఆమె పేరు తీసేసి భర్త ఒక్కడే దరఖాస్తు చేసుకుంటే సరిపోదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. నికర జీతంలో సగానికి మించి వాయిదాలకు పోకూడదన్న లెక్కన, 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల రుణానికి లక్షకు సుమారు 868 రూపాయల నెలసరి వాయిదా పడుతుంది కాబట్టి, భర్త జీతం మీద వచ్చేది 34.5 లక్షలు మాత్రమే. ఇద్దరి జీతాలూ కలిస్తే 60 లక్షలకు అర్హత ఉంటుంది. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉన్న గృహరుణం ఆస్తి విలువలో 80 శాతం మించరాదన్న రిజర్వు బ్యాంకు పరిమితి వల్ల 52 లక్షలు వస్తాయి. అంటే రిజిస్ట్రేషన్ ఖర్చులు కాక 13 లక్షలు చేతిలో ఉండాల్సిన కుటుంబానికి 30.5 లక్షలు కావాలి. ఇరవై రెండు వేల మాఫీ పదిహేడున్నర లక్షల లోటు తెచ్చిపెట్టింది.

డబ్బును మించిన నష్టం ఇంకొకటి ఉంది. ఆస్తిలో వాటా ఉన్నవారందరూ రుణపత్రాల మీద కూడా సంతకం చేయాలని బ్యాంకులు సాధారణంగా పట్టుబడతాయి కాబట్టి, దరఖాస్తు నుంచి భార్య పేరు తీసేయడమంటే చాలాసార్లు సేల్ డీడు నుంచి కూడా తీసేయడమే అవుతుంది. ఇంటి ఖర్చు ఆమె జీతంతో గడుస్తుంది, వాయిదా ఆయన ఖాతా నుంచి పోతుంది, పత్రం ఆయన పేరున ఉంటుంది. పాత పన్ను విధానంలో సహ యజమాని అయిన సహ రుణగ్రహీతకు వడ్డీపై దొరికే రెండు లక్షల వరకు మినహాయింపు కూడా అలాగే పోతుంది. కార్డు బాకీకి ఆస్తి హక్కుతో సంబంధం లేకపోయినా, కౌంటరు దగ్గర తొందరలో తీసుకునే ఒక నిర్ణయం ఆ రెంటినీ ముడిపెడుతుంది. ఈ సంగతి దంపతులిద్దరికీ విడమరిచి చెప్పాకే పేరు కొట్టివేయడం బ్యాంకుల విధి కావాలి.

ఆ అధికారి పేరు కొట్టివేయలేదు. వదిలేసిన మొత్తం కట్టి, కార్డు ఇచ్చిన బ్యాంకు నుంచి నోడ్యూస్ లేఖ తీసుకుని, ఖాతా స్థితిని ‘క్లోజ్డ్’గా మార్పించమన్నారు. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు పక్షానికొకసారి వివరాలు పంపాల్సి ఉన్నందున మార్పు మునుపటికన్నా త్వరగా ఎక్కుతుంది. తప్పుపై చేసిన ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం కూడా దక్కుతుంది. మెట్లెక్కిన ఆ అంకెలు మాత్రం వెంటనే చెరిగిపోవు, స్కోరు ఒక్కసారిగా లేవదు. అయితే లేఖ చేతికొస్తే పై అధికారికి ప్రత్యేకంగా సిఫార్సు చేయవచ్చునని ఆయన చెప్పారు.

అమ్మకందారుతో రాసుకున్న అగ్రిమెంటు గడువు మూడు నెలలు; అందులో ఇరవై రోజులు అప్పటికే గడిచాయి. ఫైలు పెండింగు అరలోకి వెళ్లింది. అట్ట మీద ఇద్దరి పేర్లూ అలాగే ఉన్నాయి, భార్య పేరు పక్కన పెన్సిలుతో ‘నోడ్యూస్ రావాలి’ అని రాసి ఉంది.