జోగి అని రాయండి



పోయిన నవంబరులో మేం నలుగురం తైవాన్ వెళ్ళొచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఫొటోలు చూసినవాళ్ళు "ఎట్లుంది అక్కడ, రాయండి" అని అడుగుతూనే ఉన్నారు. పరీక్షలు అయిపోయాయి, ఇప్పుడు రాస్తున్నాం. రాసే చెయ్యి ఒకరిదే అయినా మాట నలుగురిది. ఇద్దరం కోయ, ఒకరు కొండరెడ్డి, ఒకరు నాయకపోడు. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. నలుగురం ఎస్టీ హాస్టళ్ళలో పెరిగినవాళ్ళం. మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా కాలేజీ ద్వారా విద్యార్థుల రాకపోకల కార్యక్రమం ఒకటి వస్తే పేర్లు ఇచ్చాం, ఎంపికయ్యాం. పది రోజులు. ఖర్చు వాళ్ళదే.

అసలు కథ విమానం కంటే ముందే, పాస్‌పోర్టు దగ్గర మొదలైంది. మాలో ఒకమ్మాయి పేరు ఇంట్లో జోగి. వాళ్ళ నానమ్మ పేరు అది. ఒకటో తరగతిలో చేర్చినప్పుడు సారు "జోగి ఏంది, అడుక్కునేవాళ్ళ పేరులాగా" అని జ్యోతి అని రాశాడట. వాళ్ళమ్మకు చదువు రాదు. సారు మంచి పేరు పెట్టాడని సంతోషపడి ఇంటికి వచ్చింది. ఆధార్‌లో జోగి, టెన్త్ మెమోలో జ్యోతి. రెండూ కలవలేదు. అఫిడవిట్ అన్నారు, మళ్ళీ రమ్మన్నారు, మళ్ళీ బస్సు చార్జీలు. చివరికి అందరూ చెప్పిన తేలిక దారి ఒకటే: ఆధార్‌లో కూడా జ్యోతి అని మార్చుకో. మార్చుకుంది. పాస్‌పోర్టు వచ్చింది. ఆ రోజు మేం స్వీట్లు పంచాం. జోగి అన్న పేరు ఇక ఏ కాగితం మీదా లేదన్న సంగతి ఆ రోజు మాకెవరికీ తట్టలేదు.

ఇంకో తమాషా కూడా చెప్పాలి. నలుగురిలో ముగ్గురి పుట్టినరోజు కాగితాల్లో జూన్ నెలే. బడి తెరిచిన నెలలోనే మేం పుట్టాం మరి!

చర్ల నుంచి హైదరాబాద్ రావడానికి బస్సులో రాత్రంతా పడుతుంది. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి విమానంలో నాలుగు గంటలు కూడా పట్టలేదు. అక్కడ విమానం మారడానికి ఏడు గంటలు ఆగాం. ఆ విమానాశ్రయం పేరు సువర్ణభూమి. పరాయి దేశంలో దిగగానే మొదట కనిపించిన పేరు మనకు అర్థమయ్యే పేరు కావడం వింతగా అనిపించింది. లోపల దేవతలు, రాక్షసులు పాముని పట్టుకుని సముద్రం చిలికే పెద్ద బొమ్మ ఉంది. దాని పక్కనే నేల మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. ఎవరైనా లేవమంటారేమో అని భయంభయంగానే తిన్నాం. ఎవరూ ఏమీ అనలేదు.

తైపేలో మొదటి రెండు రోజులు మేం చేసింది ఒకటే: తప్పు చేయకుండా ఉండటం. మెట్రోలో తినకూడదు, మంచినీళ్ళు కూడా తాగకూడదు, తాగితే జరిమానా. కదిలే మెట్ల మీద అందరూ కుడి పక్కన నిలబడతారు, ఎడమ పక్క తొందర ఉన్నవాళ్ళకు. రోడ్డు మీద చెత్తబుట్టలు దాదాపు కనిపించవు. బిస్కెట్ కవరు రోజంతా జేబులోనే తిరిగింది. మొదటి సాయంత్రం వీధిలో సన్నగా మ్యూజిక్ వినిపిస్తే పుల్ల ఐసు బండి వచ్చిందని చిల్లర పట్టుకుని కిందికి పరిగెత్తాం. చూస్తే చెత్త లారీ! ముసలివాళ్ళు, పిల్లలు, ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు అందరూ చేతుల్లో చెత్త సంచులతో వరసగా నిలబడి ఉన్నారు. ఆ పాట బీథోవెన్‌దని తర్వాత చెప్పారు. ఇప్పటికీ మాలో ఎవరైనా హాస్టల్లో చెత్త పారేయడానికి లేస్తే ఆ పాటే ఈల వేస్తాం.

తైపే 101 అనే భవనం 508 మీటర్లు. బుర్జ్ ఖలీఫా వచ్చేదాకా లోకంలో అదే ఎత్తైనదట. టికెట్ ధర రూపాయల్లో లెక్కేసుకుని కింద నుంచే మెడ నొప్పి పుట్టేదాకా చూసి వచ్చాం. రాత్రి బజారులో వాసన టోఫు దగ్గర ముగ్గురం ముక్కు మూసుకున్నాం. ఎండుచేపల ఇంట్లో పెరిగిన కొండరెడ్డి తమ్ముడు ఒక్కడే రెండు ప్లేట్లు తిన్నాడు. కానీ మా ఆడపిల్లలిద్దరూ ఎప్పటికీ మరిచిపోనిది వేరే ఉంది. రాత్రి పదకొండు గంటలకు బజారు నుంచి గదికి నడిచి వచ్చారు. వెనక్కి తిరిగి చూసుకోకుండా నడవడం వాళ్ళకు అదే మొదటిసారి. మన హాస్టల్ గేటు ఆరింటికి మూస్తారు కదా.

మూడో రోజు మాకు తోడుగా ఒక విద్యార్థి వచ్చాడు. మా వయసువాడే, అమిస్ తెగ అబ్బాయి. మాదీ అతనిదీ అరకొర ఇంగ్లీషే కాబట్టి భయం పోయింది. రాని మాట ఫోనులో చూపించుకున్నాం. తైవాన్‌లో ప్రభుత్వం గుర్తించిన ఆదివాసీ తెగలు 16. అందరూ కలిసి దేశ జనాభాలో నూటికి రెండున్నర మంది ఉంటారు. వాళ్ళలో పెద్ద తెగ అమిస్. అతని పక్కన మెట్రోలో కూర్చుంటే, తర్వాత వచ్చే స్టేషన్ పేరు నాలుగు భాషల్లో చెబుతోంది: చైనీస్, తైవానీస్, హక్కా, ఇంగ్లీషు. జోగి మురిసిపోయి "మన బస్సులో కండక్టరు కోయలో చెప్తే ఎట్ల ఉంటది!" అంది. అతను నవ్వి, "ఈ నాలుగింట్లో మా భాష లేదు" అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం అధ్యక్షుడి కార్యాలయం ముందుకు తీసుకెళ్ళాడు. జపాన్ వాళ్ళ పాలనలో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. దాని ఎదురుగా ఉన్న వెడల్పాటి రోడ్డును చియాంగ్ కై-షెక్ దీర్ఘాయుష్షు కోరుతూ ఒకప్పుడు జియెషౌ రోడ్డు అనేవారు. 1996లో ఆ పేరు తీసేసి కెటగలాన్ అని పెట్టారు. తైపే నగరం ఉన్న ఈ లోయలో మొదట బతికిన తెగ పేరు అది. మేం ఫొటో దిగబోతే అతను ఇంకో మాట చెప్పాడు. రోడ్డుకు పేరుంది గానీ, ఆ 16 తెగల్లో కెటగలాన్ లేదు. ఇంకోటి కూడా. 2016 ఆగస్టు 1న అధ్యక్షురాలు సాయ్ ఇంగ్-వెన్ ఆదివాసీలకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పింది. ఆ మరుసటి ఏడాదే సంప్రదాయ భూముల కోసం ఆదివాసీలు ఇదే రోడ్డు మీద గుడారాలు వేసుకుని కూర్చున్నారు. క్షమాపణ చెప్పడం, భూమి ఇవ్వడం ఒకటి కాదని మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

టీ తాగుతూ పేర్ల సంగతి వచ్చింది. అతనికి రెండు పేర్లు. ఒకటి మూడు చైనీస్ అక్షరాల పేరు. ఇంకోటి అమ్మమ్మ పెట్టింది, దాని వెనక వాళ్ళమ్మ పేరు వస్తుంది. జపాన్ కాలంలో వాళ్ళకు జపాన్ పేర్లు పెట్టారు. 1945 తర్వాత చైనా పాలకులు వచ్చి చైనీస్ పేర్లు రాశారు. ఒకే కుటుంబం వాళ్ళకు ఒక ఊళ్ళో ఒక ఇంటిపేరు, పక్క ఊళ్ళో ఇంకో ఇంటిపేరు రాసి పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయట. వాళ్ళను 'కొండవాళ్ళు' అని పిలిచే పదం ఒకటి రాజ్యాంగంలోనే ఉండేది. పదేళ్ళు కొట్లాడి 1994లో దాన్ని 'ఆదివాసీలు' అని మార్పించారు. ఆ మరుసటి ఏడాది తమ సొంత పేర్లు రాయించుకునే హక్కు చట్టంలోకి వచ్చింది.

చెప్పడం అయిపోయాక "మీ పేర్లేంటి?" అని అడిగాడు. పాస్‌పోర్టులో ఉన్నవే చెప్పాం. "ఎక్కడి నుంచి?" అంటే నలుగురం ఒకేసారి "హైదరాబాద్" అన్నాం. అలవాటు! కాలేజీలో ఎవరైనా అడిగినా అంతే చెబుతాం. ఇంటి నుంచి ఫోన్ వస్తే కోయలో మాట్లాడటానికి గది బయటికి వెళ్తాం. తెలుగు మాత్రమే మాట్లాడే మిగతా ఇద్దరం కూడా మా కులం అడిగే ప్రశ్న వచ్చేలోపే మాట మారుస్తాం. అతను ఇంకేం అడగలేదు. ఆ రాత్రి జోగి అన్నం సరిగా తినలేదు.

అయిదో రోజు హువాలియెన్ అనే ఊరికి రైల్లో వెళ్ళాం. తైపే నుంచి రెండు గంటల పైచిలుకు. మేం ఎక్కిన రైలు పేరు పుయుమా. అదీ ఒక తెగ పేరే. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. కొండ చూడగానే నలుగురికీ ఊపిరి ఆడినట్టయింది. అక్కడి నుంచి ఆ అబ్బాయి అమ్మమ్మ ఊరికి బండి మీద వెళ్ళాం. దారిలో వక్కలు అమ్మే చిన్న చిన్న కొట్లు. అమ్మమ్మ గడపలో కూర్చుని వక్క నములుతోంది. "ఙాఅయ్ హో" అంది. అంటే నమస్కారం. మన అక్షరాల్లో 'ఙ' ఎందుకుందో చిన్నప్పుడు ఏ సారూ చెప్పలేదు. ఆమె మాట రాసుకోవడానికి పనికొచ్చింది.

అడవి ఆకుకూరలు, వెదురు కొమ్ములు, బెత్తం చిగురుతో చేదు పులుసు పెట్టింది. మా పెద్దవాళ్ళకు ఇప్పసారా ఎలాగో, వాళ్ళకు కొర్రల జాతి ధాన్యంతో చేసే సారా అలాగ. చుక్క నోట్లో వేసుకుని మర్యాదగా పక్కన పెట్టాం. అమిస్ అన్నది బయటి పేరేనట. అక్కడివాళ్ళు తమను 'పంచా' అనుకుంటారు. అంటే మనుషులు. మేం "మా కోయవాళ్ళు కోయతూర్ అంటారు, దానర్థం కూడా మనుషులే" అని చెప్పించాం. అమ్మమ్మ అరచేతులు చరిచి నవ్వింది.

తర్వాత ఒక్కొక్కరినే వేలితో చూపిస్తూ పేరు అడిగింది. మూడు పేర్లు అయ్యాయి. నాలుగో ఆమె కొంచెం ఆగి "జోగి" అంది.

అమ్మమ్మ "జోగి" అని తిరిగి పలికింది. ఒక్క తప్పు లేకుండా. గూడెం బయట ఒక మనిషి నోటి నుంచి ఆ పేరు రావడం పధ్నాలుగేళ్ళలో అదే మొదటిసారట. మేం కూడా రెండేళ్ళుగా ఒకే బెంచీలో కూర్చుంటూ జ్యోతి అనే పిలిచాం.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే అమ్మమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి "నానొమ్" అంది. నీళ్ళను వాళ్ళు అలా అంటారు. కోయలో నీళ్ళను ఏమంటారో మీకు తెలుసు. ఒకటో తరగతిలో దాహమేసి "ఏరు, ఏరు" అని అడిగితే "గ్లాసులో ఏరు పోయమంటున్నది రోయ్" అని క్లాసంతా నవ్విన రోజు మాలో ఇద్దరికీ ఉంది. ఆ రోజు తర్వాత బడిలో కోయ మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఇద్దరం గట్టిగా "ఏరు" అన్నాం. అమ్మమ్మ "ఏరు" అంది. ఎవరూ నవ్వలేదు.

అక్కడంతా బంగారం, ఇక్కడంతా మట్టి అని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ అబ్బాయికి వాళ్ళ అమ్మమ్మ మాటలు సగమే అర్థమవుతాయి. మిగతా సగం తరగతుల్లో నేర్చుకుంటున్నాడు. ఆ ఊళ్ళో వయసువాళ్ళు తక్కువ, పనుల కోసం తైపే పోయారు. "అమ్మమ్మ పోతే నేను ఎవరితో మాట్లాడాలి?" అన్నాడు తిరుగు రైల్లో. మాకు జవాబు దొరకలేదు. మా గూడేల్లోనూ ఇప్పుడు పిల్లలతో తెలుగే మాట్లాడుతున్నారు, బడిలో నవ్వుతారని. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి. 2003 సవరణతో సంతాలీ, బోడో చేరాయి. గోండి లేదు, కోయ లేదు. అది పెద్దవాళ్ళు కొట్లాడాల్సిన సంగతి, మేమూ వెనక నడుస్తాం. కానీ మా చేతిలో ఉన్న చిన్న పని ఒకటి కనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టు చూసి "జ్యోతి?" అన్నాడు. ఆమె తలూపింది. కాగితం మారడానికి ఇంకా చాలా తిరగాలి, తిరుగుతుంది. మేం మాత్రం జోగి అనే పిలుస్తున్నాం. మొదట్లో క్లాసులో నవ్వారు. ఇప్పుడు అటెండెన్స్ తీసుకునే మేడం కూడా ఒక్కోసారి జోగి అంటోంది.

జూన్‌లో బడులు తెరుస్తారు. నలుగురం ఎవరి గూడేనికి వాళ్ళం వెళ్తున్నాం. ఒకటో తరగతిలో చేరే పిల్లల అమ్మానాన్నలతో కలిసి బడికి వెళ్ళి, రిజిస్టరులో పేరు రాసేటప్పుడు పక్కన నిలబడతాం. ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరు, ఇంటిపేరు, నిజంగా పుట్టిన తేదీ. ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూసి రాయిస్తాం. సారుతో గొడవ అక్కర్లేదు. "సార్, ఇది వాళ్ళ నానమ్మ పేరు, ఇట్లనే రాయండి" అంటే చాలు. మీ మీ ఊళ్ళలో మీరూ వెళ్ళండి అన్నలారా, అక్కలారా. ఒక్క పూట పని.

మన పిల్లలు రేపు ఎంత దూరం పోతారో మనకు తెలీదు. ఎక్కడ ఎవరు పేరు అడిగినా, ఆగకుండా చెప్పగలగాలి.

జోహార్.